గదికి సీలింగ్ లైట్లు ఎన్ని కావాలి? షీటు బిగించకముందే తేల్చుకునే లెక్క

"పన్నెండు బై పదహారు హాలు. ఎన్ని లైట్లు పెట్టించాలి?" హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల, ఎక్కడ ఇల్లు కట్టేవాళ్లయినా సీలింగ్ పని దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఇదే. సైటు మీద దొరికే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: "నాలుగు ఫీట్లకొకటి ఏద్దాం సార్, మంచిగుంటది." ఆ లెక్కన ఆ హాల్లో 12 లైట్లు పడతాయి. అవి 12 వాట్లవైతే మొత్తం వెలుతురు సుమారు 13,000 ల్యూమెన్లు. ఆ హాలుకు నిజంగా కావలసింది 4,800. మిగిలినదంతా కళ్లకు గుచ్చుకునే వెలుగు, నెలనెలా కట్టే బిల్లు. అదే ఇంట్లో వంటింటి ప్లాట్‌ఫామ్ మీద, కూరగాయలు తరిగే చోట మాత్రం నీడ పడుతుంటుంది.

లెక్క కష్టమేం కాదు. ఒక సాయంత్రం కూర్చుంటే ఇల్లంతా అయిపోతుంది. కాకపోతే జీఐ ఛానెళ్లు, అంటే ఫాల్స్ సీలింగ్ షీటును మోసే ఇనుప పట్టీలు, కొట్టకముందే అయిపోవాలి. షీటు బిగించాక లైటు అర ఫీటు జరపాలన్నా పాత రంధ్రం పూడ్చడం, పుట్టీ, మళ్లీ రంగు, అన్నీ మీద పడతాయి.

దగ్గర ఉండాల్సినవి

- 5 మీటర్ల టేపు
- గళ్ల కాగితం (ఒక గడికి ఒక ఫీటు)
- సోఫా, మంచం, టీవీ, అల్మారాలు ఎక్కడ వస్తాయో ఒక నిర్ణయం. పూర్తిగా ఖరారు కాకపోయినా మంచం తల ఏ గోడకో, టీవీ ఏ గోడకో తెలిసి ఉండాలి
- కొనాలనుకుంటున్న రకం లైటు ఒక్కటి, శాంపిల్‌గా
- చాక్‌పీసు, దారం, గుండు
- ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏదైనా లక్స్ మీటర్ యాప్ (ఒక చోట పడే వెలుతురును కొలిచేది, చివర్లో పరీక్షకు)

1. గది కొలతలు తీసుకోండి, సీలింగ్ ఎత్తుతో సహా

పొడవు, వెడల్పు లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలవండి. గోడకు నిలువెత్తు అల్మారా వస్తుంటే దాని లోతు, మామూలుగా 2 ఫీట్లు, తీసేయండి. 11 బై 14 బెడ్రూమ్‌లో 14 ఫీట్ల వైపు అల్మారాకు 2 ఫీట్లు పోతే లైట్ల లెక్కకు అది 11 బై 12 గదే. ఈ రెండు ఫీట్లు మరిచిపోతే వచ్చే తప్పు సీలింగ్ అయ్యాకే కనిపిస్తుంది: లైట్లన్నీ ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటాయి, ఒక వరస అల్మారా తలుపుల నెత్తిన కూర్చుంటుంది.

ఎత్తు అంటే స్లాబ్ ఎత్తు అనుకోవద్దు. ఫాల్స్ సీలింగ్ అయ్యాక నేల నుంచి షీటు దాకా ఎంత మిగులుతుందో అదే రాసుకోండి. 10 ఫీట్ల స్లాబు కింద 6 అంగుళాలు దించితే 9 ఫీట్ల 6 అంగుళాలు.

కాగితం మీద గది గీసి, ఫ్యాన్ హుక్ ఎక్కడుందో, బీమ్ ఎక్కడ పోతుందో గుర్తు పెట్టండి. బీమ్ సంగతి ఎవరూ ముందు చూడరు. సీలింగ్‌ను సరిగ్గా బీమ్ కిందికి దించుతారు కాబట్టి మిగతా చోట్ల పైన 6 అంగుళాల ఖాళీ ఉన్నా, బీమ్ కింద రెండు అంగుళాలే ఉండొచ్చు. 3 అంగుళాల లోతుండే సీఓబీ లైటు (గరాటులా కిందికి వెలుతురు వేసే స్పాట్ లైటు) అక్కడ దూరదు. రంధ్రం కోశాక అది తెలిస్తే చేసేదేం లేదు.

2. గదికి ఎన్ని ల్యూమెన్లు కావాలో తేల్చండి

వాట్లు మరిచిపోండి. వాట్లు కరెంటు ఎంత తాగుతుందో చెబుతాయి, వెలుతురు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. ఒక్కో స్క్వేర్ ఫీటుకు ఈ లెక్కన పట్టుకోండి:

- బెడ్రూమ్, దేవుని అర్ర, నడవ, మెట్లు: 15
- హాలు, డైనింగ్, బాత్రూమ్: 25
- వంటిల్లు (గది మొత్తానికి): 30
- చదువుకునే బల్ల, కుట్టుమిషన్ ఉండే చోటు: 45, ఆ చోటుకు మాత్రమే

ఇవి తెల్లని సీలింగ్, తెలుపు లేదా క్రీమ్ రంగు గోడలున్న గదికి. లైటు నుంచి వచ్చే వెలుతురులో సుమారు 40 శాతం గోడలు తాగడంలో, దుమ్ములో, ఏళ్లు గడిచి లైటు మసకబారడంలో పోతుందని ముందే కలిపి చేసిన అంకెలు. మళ్లీ మీరు "సేఫ్టీకి" అదనం కలపొద్దు.

మార్చాల్సిన సందర్భాలు మూడు. గోడలకు ముదురు రంగు, చెక్క ప్యానెలింగ్, లేదా నేల మీద కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి ముదురు గ్రానైట్ ఉంటే పావు వంతు కలపండి. సీలింగ్ 11, 12 ఫీట్ల ఎత్తుంటే 15 శాతం కలపండి. ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లు ఉండే గదైతే ఒకటిన్నర రెట్లు చేయండి. వయసు మీదపడ్డ కంటి లోపలికి వెలుతురు చాలా తక్కువగా చేరుతుంది. అమ్మకు చాలని వెలుతురులో కొడుకు హాయిగా పేపర్ చదివేస్తాడు. పెద్దవాళ్ల గదిలో ఈ పెంపు మంచం దగ్గరా, బాత్రూమ్‌కు వెళ్లే దారిలోనూ తప్పనిసరి.

హాలు లెక్క: 12 × 16 = 192 స్క్వేర్ ఫీట్లు. 192 × 25 = 4,800 ల్యూమెన్లు.

3. ఒక లైటు ఎంత ఇస్తుందో డబ్బా మీద చూడండి

మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ లైటు వాటుకు 90 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది. అంటే 6 వాట్లది 540, 9 వాట్లది 810, 12 వాట్లది 1,080. ఇవి అంచనాకు. కొనేది ఏదైనా డబ్బా మీద రాసిన ల్యూమెన్లే తీసుకోండి. డబ్బా మీద ల్యూమెన్లు రాయని లైటు కొనొద్దు. చవకవి వాటుకు 60, 70 దగ్గరే ఆగిపోతాయి. ఆ లైట్లతో పై లెక్క తప్పుతుంది, తప్పు లెక్కదని మీరనుకుంటారు.

డబ్బా మీద ఇంకో నాలుగు చూడాలి:

- బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు.
- వోల్టేజీ రేంజి. 220–240 అని మాత్రమే ఉన్నవాటికంటే 100–300 దాకా తట్టుకునేవి మేలు. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. సర్జ్ రక్షణ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడేది) 2.5 కేవీ లేదా 4 కేవీ అని రాసి ఉంటే ఇంకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం, ఉరుములతో కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు పోయేవి ఎక్కువగా లైట్ల డ్రైవర్లే, అంటే లైటుకు సరిపడా కరెంటు అందించే చిన్న పెట్టెలు.
- సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. 80కి తగ్గొద్దు. వంటింటికి, డ్రెస్సింగ్ అద్దం దగ్గరికి 90 దొరికితే తీసుకోండి. పోచంపల్లి చీర రంగులు రాత్రిపూట కూడా ఉన్నవి ఉన్నట్టు కనిపించాలంటే చూడాల్సింది ఇదే.
- రంగు. 3000 కెల్విన్ పసుపు, 4000 మధ్యస్థం, 6500 నీలం కలిసిన తెలుపు. మన దగ్గర అలవాటుగా అందరూ 6500 కొంటారు. హాలుకు, బెడ్రూమ్‌కు 3000 లేదా 4000 పెట్టుకోండి. 6500 పెట్టినా గది ప్రకాశవంతం కాదు, రాత్రి పదింటికి కూడా ఆఫీసులో కూర్చున్నట్టు ఉంటుంది.

ఒకే స్విచ్చుతో మూడు రంగులు మారే లైట్లు తీసుకుంటే ఒక ఇబ్బంది తెలుసుకోండి. ఒకే గదిలో వాటిని రెండు మూడు స్విచ్చులకు విడగొడితే ఒక్కోటి ఒక్కో రంగులో ఆగిపోతుంది. అన్నిటినీ ఆపి, కాసేపాగి వేస్తే చాలా రకాలు మళ్లీ ఒకే రంగుకు వస్తాయి. రోజూ అలా చేసే ఓపిక లేకపోతే ఒకే రంగు లైట్లు కొనండి.

4. భాగించండి, తర్వాత వరసలకు సరిపడేలా సర్దండి

4,800 ÷ 810 = 5.9. అంటే 9 వాట్ల ప్యానెల్ లైట్లు 6. రెండు వరసలు, వరసకు మూడు. చక్కగా కుదిరింది.

అన్నిసార్లూ ఇలా కుదరదు. 5 అని వస్తే రెండు దారులున్నాయి: చిన్న వాట్లతో 6, లేదా పెద్ద వాట్లతో 4. అనుమానంగా ఉంటే చిన్నవి ఎక్కువ పెట్టండి. వెలుతురు సమంగా పరుచుకుంటుంది, ఒకటి పోయినా గది చీకటి కాదు.

12 వాట్లవి నాలుగు పెట్టినా 4,320 వస్తాయి, అంకె దగ్గరగానే ఉంది. అయినా ఈ హాలుకు నాలుగు వద్దు. ఎందుకో తర్వాతి మెట్టులో ఉంది.

5. స్థానాలు: గోడకు సగం, మధ్యన మొత్తం

గోడ నుంచి మొదటి లైటుకు ఎంత దూరమో, లైటుకు లైటుకు మధ్య దానికి రెట్టింపు. 12 ఫీట్ల వైపు రెండు లైట్లంటే గోడ నుంచి 3, మధ్యన 6, మళ్లీ గోడకు 3. 16 ఫీట్ల వైపు మూడంటే గోడ నుంచి 2 ఫీట్ల 8 అంగుళాలు, మధ్యన 5 ఫీట్ల 4 అంగుళాల చొప్పున రెండు సార్లు, చివర 2 ఫీట్ల 8 అంగుళాలు. కొలతలు లైటు అంచు నుంచి తీయొద్దు, నడిబొడ్డు నుంచి తీయండి.

ఇప్పుడు ఒక సరిచూపు. సీలింగ్ ఎత్తులోంచి 2 ఫీట్ల 6 అంగుళాలు (కూర్చున్నవాళ్ల ఒడి, టేబుల్ ఎత్తు) తీసేయండి. 9 ఫీట్ల 6 అంగుళాల సీలింగ్‌కు 7 ఫీట్లు మిగులుతుంది. ప్యానెల్ లైట్ల మధ్య దూరం ఈ అంకెను మించకూడదు. నాలుగు లైట్లయితే 16 ఫీట్ల వైపు మధ్య దూరం 8 ఫీట్లు అయ్యేది. అందుకే నాలుగు వద్దన్నది. ఆరైతే 6 ఫీట్లు, 5 ఫీట్ల 4 అంగుళాలు, రెండూ 7 లోపే.

ఫ్యాన్ దగ్గర జాగ్రత్త. ఇళ్లలో ఎక్కువగా ఉండేది 48 అంగుళాల ఫ్యాన్. నడిమి నుంచి రెక్క కొనదాకా 2 ఫీట్లు. లైటు రెక్కల పైన పడితే ఫ్యాన్ తిరిగినంతసేపూ గదంతా వెలుగు, నీడ టకటకా కొట్టుకుంటుంది. తలనొప్పి తెప్పించే తప్పు ఇది, మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ ఇదే. రెక్క కొన నుంచి కనీసం ఒక ఫీటు, అంటే ఫ్యాన్ నడిమి నుంచి 3 ఫీట్లు వదలండి. మన హాల్లో ఫ్యాన్ సరిగ్గా నడుమ ఉంటే మధ్యలోని రెండు లైట్లూ దానికి కచ్చితంగా 3 ఫీట్ల దూరంలో వస్తాయి. సరిపోయింది, కాని ఇరుకు. 56 అంగుళాల ఫ్యాన్ అయితే ఆ రెండిటినీ గోడవైపు అర ఫీటు జరపండి. వరస ఆరు అంగుళాలు వంకర కనిపిస్తుందనుకుంటే మొత్తం వరసనే జరపండి. వెలుతురులో తేడా తెలియదు.

6. సీఓబీ, స్పాట్ లైట్లు పెట్టేవాళ్లకు

ఇప్పటిదాకా చెప్పిందంతా పాల రంగు ముఖం ఉన్న ప్యానెల్ లైట్లకు. వాటి వెలుతురు వెడల్పుగా పరుచుకుంటుంది. సీఓబీ స్పాట్ అలా కాదు, గరాటులా కిందికి దిగుతుంది. ఆ గరాటు వెడల్పు డబ్బా మీద డిగ్రీల్లో ఉంటుంది. లైటు నుంచి కిందికి ఉన్న దూరాన్ని ఈ అంకెతో గుణిస్తే వెలుతురు వలయం ఎంతో వస్తుంది:

- 24 డిగ్రీలు: 0.42
- 36 డిగ్రీలు: 0.65
- 60 డిగ్రీలు: 1.15

7 ఫీట్ల కింద, అంటే టేబుల్ ఎత్తులో, 24 డిగ్రీలది 3 ఫీట్ల వలయం, 36 డిగ్రీలది నాలుగున్నర, 60 డిగ్రీలది 8 ఫీట్లు. 36 డిగ్రీల సీఓబీలను 6 ఫీట్లకొకటి పెడితే మధ్యలో ఒకటిన్నర ఫీటు మసక పట్టీలు మిగులుతాయి. నేల మీద వెలుతురు గుండ్రాలు, మధ్యన చీకటి, సోఫాలో కూర్చున్నవాళ్ల ముఖం సగం కనిపిస్తుంది. హాలు మొత్తాన్ని సీఓబీలతోనే వెలిగించాలంటే 60 డిగ్రీలవి తీసుకోండి. 24, 36 డిగ్రీలవి ఫొటో, షోకేస్, దేవుని పటం లాంటి ఒక వస్తువు మీదికి వాడండి.

గోడ మీది పటానికి స్పాట్ ఎక్కడ పెట్టాలి? పటం నడుమ నేల నుంచి 5 ఫీట్లు, సీలింగ్ తొమ్మిదిన్నర అనుకుంటే తేడా నాలుగున్నర ఫీట్లు. గోడకు రెండున్నర ఫీట్ల దూరంలో తిరిగే స్పాట్ పెట్టి 30 డిగ్రీలు వంచితే వెలుతురు సరిగ్గా పటం మీద పడుతుంది, అద్దంలో లైటు మెరవదు. గోడకు అర ఫీటు దూరంలో పెడితే పటం పై అంచే వెలుగుతుంది, ఫ్రేము నీడ ముఖం మీద పడుతుంది.

7. స్విచ్చులు విడగొట్టండి

లైట్లు ఎన్ని అన్నదానికంటే ఎన్ని స్విచ్చుల మీద ఉన్నాయన్నదే రోజువారీ సుఖాన్ని నిర్ణయిస్తుంది. ఆరు లైట్లు ఒకే స్విచ్చు మీద ఉంటే టీవీ చూసేటప్పుడు అన్నీ వెలగాలి, లేదంటే అన్నీ ఆరాలి. హాల్లో కనీసం రెండు స్విచ్చులు, వీలైతే మూడు: టీవీ వైపు రెండు, నడుమ రెండు, సోఫా వెనక రెండు. టీవీ చూసేటప్పుడు నడిమివి మాత్రం వేసుకోవచ్చు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఏ లైట్లు ఇన్వర్టర్ లైను మీద ఉండాలో ఇప్పుడే చెప్పండి. హాల్లో ఒక జత, వంటింట్లో ప్లాట్‌ఫామ్ మీది లైటు, మెట్ల లైటు చాలు.

కరెంటు లెక్కలో: లైట్ల సర్క్యూట్ ఒక్కోదానికి 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించొద్దన్నది వైరింగ్ నియమం. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ. వాట్లు ఎంత తక్కువైనా ఇల్లంతా ఒకే ఎంసీబీ మీద వేయించుకోవద్దు. ఒక డ్రైవర్ షార్ట్ అయితే ఇల్లంతా చీకటవుతుంది.

8. మార్కింగ్, వైరు, రంధ్రం

ముందు నేల మీద చాక్‌పీసుతో లైట్ల స్థానాలు గుర్తు పెట్టండి. నేల మీద గీసినదాన్ని దారం, గుండుతో పైకి తీసుకెళ్లడం తేలిక. తర్వాత చేయాల్సిన పనిని చాలామంది వదిలేస్తారు: రాత్రి వేళ, శాంపిల్‌గా కొన్న లైటును తాత్కాలికంగా వైరుకు కట్టి, నిచ్చెన మీద సీలింగ్ ఎత్తులో ఒకరితో పట్టించి, కింద సోఫా వచ్చే చోట కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. కళ్లలో పడుతోందా, చాలుతోందా, రంగు నచ్చిందా, మూడూ పది నిమిషాల్లో తేలిపోతాయి. మిగతా లైట్లు ఆ తర్వాత కొనండి. కొనేటప్పుడు ఒకే బిల్లులో అన్నీ, పైన రెండు అదనం. ఏడాది తర్వాత అదే మోడల్ దొరికినా రంగు ఛాయ కలవకపోవచ్చు.

జిప్సం సీలింగ్‌లో సీలింగ్ సెక్షన్లు (షీటు బిగించే ఛానెళ్లు) మామూలుగా 18 అంగుళాలకొకటి వస్తాయి. మీ గుర్తు సరిగ్గా ఛానెల్ కింద పడితే రంధ్రం కోసేటప్పుడు ఛానెల్ తెగుతుంది, అక్కడ షీటు కొన్నాళ్లకు జారుతుంది. ఛానెళ్లు కొట్టే రోజునే గుర్తుల కాగితం మేస్త్రీ చేతికివ్వండి. ఛానెల్‌ను రెండు మూడు అంగుళాలు జరపడం ఆయనకు నిమిషం పని. అప్పటికే ఛానెళ్లు అయిపోయి ఉంటే లైటునే జరపండి, కాని ఆ వరసలోవన్నీ అంతే జరపండి.

ప్రతి పాయింటు దగ్గర ఒక ఫీటు వైరు వేలాడేలా వదిలించండి. అతుకులు ఏవైనా జంక్షన్ బాక్సులోనే ఉండాలి. సీలింగ్ పైన టేపు చుట్టి వదిలేసిన అతుకు కనిపించని చోట కాలుతుంది. షీటు మూసేముందు పైభాగం మొత్తం ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

రంధ్రం కొలత డబ్బా మీద కటౌట్ అని ఉంటుంది. దాన్ని కూడా నమ్మకుండా చేతిలో ఉన్న లైటు వెనక భాగం టేపుతో కొలిచి, బయటి రింగు ఎంత కప్పుతుందో చూసి, హోల్ సా (గుండ్రంగా కోసే రంపం) ఎంచుకోండి. రంధ్రం పావు అంగుళం పెద్దదైనా స్ప్రింగు క్లిప్పులకు పట్టు ఉండదు, లైటు ఒక పక్కకు వేలాడుతుంది. మొదట ఒక్క రంధ్రం కోసి లైటు పెట్టి చూడండి, తర్వాతే మిగతావి. బిగించేటప్పుడు ఎంసీబీ దించి టెస్టర్ పెట్టి చూడాలి. స్విచ్చు ఆపితే చాలనుకోవద్దు.

పై అంతస్తులో ఉన్నవాళ్లకు ఒక మాట. మే నెలలో రామగుండం, వరంగల్ వైపు 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఎండకు కాగిన స్లాబుకూ సీలింగ్‌కూ మధ్య ఇరుకైన ఖాళీలో వేడి రాత్రి దాకా పోదు. డ్రైవర్ ఆయుష్షును తినేసేది ఆ వేడే. అక్కడ డ్రైవర్‌ను థర్మోకోల్ కింద కప్పిపెట్టొద్దు, స్లాబుకు ఆనించొద్దు. పెద్ద వాట్ల లైట్లకంటే చిన్న వాట్లవి ఎక్కువ పెట్టడం పై అంతస్తులో మరీ మంచిది.

ఫాల్స్ సీలింగ్ వద్దనుకుంటే, స్లాబు పోయకముందైతే ఇదే లెక్కతో సెంట్రింగ్ మీదే పీవీసీ బాక్సులు పెట్టించండి. స్లాబు అయిపోయి ఉంటే సర్ఫేస్ ప్యానెల్ లైట్లు, కేసింగ్ వైరింగ్. లెక్క మారదు.

వంటిల్లు వేరే కథ

8 బై 10 వంటిల్లు: 80 × 30 = 2,400 ల్యూమెన్లు. 9 వాట్లవి 3. అంకె సరే, అసలు చిక్కు వేరే. గది నడుమ లైటు పెడితే, ప్లాట్‌ఫామ్ ముందు నిలబడ్డ మనిషి వీపు మీద వెలుతురు పడి, నీడ కత్తిపీట మీద పడుతుంది. ఎన్ని వాట్లు పెంచినా ఆ నీడ ఇంకా ముదురుతుందే కాని పోదు.

లైట్లను గోడ నుంచి 2 ఫీట్ల దూరంలో, ప్లాట్‌ఫామ్ ముందంచు నెత్తిన వచ్చేలా వరస పెట్టండి. పైన కప్‌బోర్డులు ఒక ఫీటు లోతుకు వస్తాయి కాబట్టి వాటి అంచు దాటి వెలుతురు ప్లాట్‌ఫామ్ మీదికి దిగుతుంది. దాంతోపాటు కప్‌బోర్డుల అడుగున ప్రొఫైల్ లైటు (అల్యూమినియం పట్టీలో పెట్టే ఎల్‌ఈడీ స్ట్రిప్) వేయించండి. దీన్ని వెనక గోడకు ఆనించి పెడతారు, అది తప్పు. కప్‌బోర్డు ముందంచుకు దగ్గరగా, చెక్క అంచు చాటున ఉండాలి. అప్పుడు ప్లాట్‌ఫామ్ మొత్తం వెలుగుతుంది, కళ్లకు లైటు కనిపించదు. 8 ఫీట్లకు స్ట్రిప్ దాదాపు రెండున్నర మీటర్లు. మీటరుకు 10 వాట్ల రకమైతే 25 వాట్లు. దానికి 36 వాట్ల డ్రైవర్ పెట్టండి. సరిగ్గా 25 వాట్లది పెడితే వేడెక్కి త్వరగా పోతుంది.

పాలిష్ గ్రానైట్ ఉంటే స్ట్రిప్‌ను నేరుగా అంటించొద్దు. నల్లరాయి మీద ఒక్కో ఎల్‌ఈడీ ఒక్కో చుక్కలా ప్రతిబింబిస్తుంది. పాల రంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టించండి. ఆయిల్ జిడ్డు తుడవడమూ తేలికవుతుంది. స్టవ్ పైన మాత్రం వద్దు.

మిగతా గదులు, చిన్నగా

బెడ్రూమ్, అల్మారా పోను 11 బై 12: 132 × 15 = 1,980. 6 వాట్లవి 4. దిండు నెత్తిన ఏదీ రాకూడదు. తలవైపు రెండూ మంచం పక్కలకు జరపండి, వాటికి వేరే స్విచ్చు మంచం దగ్గర.

దేవుని అర్ర 4 బై 5: 300 ల్యూమెన్లు, పసుపు రంగు 5 వాట్లది ఒకటి చాలు. విగ్రహం నెత్తిన పెడితే కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడి ముఖం సరిగా కనిపించదు. ఒకటిన్నర ఫీటు ముందుకు పెట్టి విగ్రహం వైపు వంచండి. దీపం పొగ ఎగసే చోటు తప్పించండి.

బాత్రూమ్ 6 బై 8: 1,200. 6 వాట్లవి రెండు, షవర్ దగ్గరిది ఐపీ44 (నీటి తుంపర్లు తట్టుకునేది) ఉన్నది. అద్దం లైటు అద్దం పక్కల గోడకు, ముఖం ఎత్తులో ఉండాలి, లేకపోతే గడ్డం గీసుకునేటప్పుడు దవడ కింద చీకటే.

అయ్యాక సరిచూసుకోవడం

చీకటి పడ్డాక, కర్టెన్లు మూసి, లైట్లు వేసి పావుగంట ఆగండి. ఫోన్‌ను సోఫా ఎత్తులో తెర పైకి ఉండేలా పట్టుకుని, మీ నీడ దాని మీద పడకుండా, గదిలో తొమ్మిది చోట్ల లక్స్ యాప్ రీడింగ్ రాసుకోండి: నాలుగు మూలలు (గోడకు 2 ఫీట్లు వదిలి), నాలుగు గోడల మధ్యలు, నడుమ. సెన్సర్ ముందు కెమెరా పక్కనే ఉంటుంది, దానికి వేలు అడ్డం రానివ్వొద్దు.

హాలులో సగటు 150 లక్స్ పైన ఉండాలి. కొత్త లైట్లకు 170, 180 రావడం సహజం, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. బెడ్రూమ్‌కు 100, వంటింటి ప్లాట్‌ఫామ్ మీద 300. ఫోన్ ఫోన్‌కూ అంకె మారుతుంది కాబట్టి పది ఇరవై తేడాకు కంగారు పడొద్దు. చోటుకూ చోటుకూ తేడా ఎంతన్నది ఎక్కువ నమ్మదగ్గది. అన్నిటికంటే తక్కువ వచ్చిన చోటు సగటులో 60 శాతానికి తగ్గకూడదు.

తక్కువ వస్తే ముందు గోడ రంగు చూడండి, తర్వాత అదే కటౌట్‌లో ఎక్కువ ల్యూమెన్ల లైటు దొరుకుతుందేమో చూడండి. అదీ కాకపోతే ఆ మూలకు ఒక స్టాండ్ ల్యాంప్ పెట్టుకోండి, సీలింగ్‌కు కొత్త రంధ్రం ఆఖరి దారి. ఎక్కువ వస్తే స్విచ్చులు విడగొట్టండి. తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, లైటు మినుకుతుంది, డ్రైవర్ కాలిపోతుంది. డిమ్మర్ కావాలంటే లైటు కూడా డిమ్మబుల్ అని రాసి ఉన్నదే కొనాలి.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి ఒక్కో లైటును చూడండి. నల్లని పట్టీలు కదులుతూ లేదా లైటు కొట్టుకుంటూ కనిపిస్తే ఆ డ్రైవర్ నాసిరకం. కంటికి తెలియకపోయినా గంటల తరబడి కింద కూర్చుని చదివే పిల్లలకు తల నొస్తుంది. బిల్లు ఉండగానే మార్పించుకోండి.

చివరిగా అన్ని స్విచ్చులూ ఆపి, చీకట్లో సీలింగ్ చూడండి. ఏదైనా లైటు మసకగా వెలుగుతూనే ఉంటే సాధారణంగా రెండు కారణాలు: స్విచ్చులో ఉన్న చిన్న ఇండికేటర్ బల్బు, లేదా ఎలక్ట్రీషియన్ ఫేజ్ బదులు న్యూట్రల్‌ను స్విచ్చుకు ఇచ్చాడు. మొదటిదానికి మామూలు స్విచ్చు వేయించుకుంటే సరి. రెండోది ప్రమాదం. స్విచ్చు ఆపినా లైటు దగ్గర కరెంటు ఉంటుంది, రేపు ఎవరో నిచ్చెనెక్కి బల్బు మార్చబోతారు. ఎలక్ట్రీషియన్‌ను అదే రోజు వెనక్కి పిలిపించి, బోర్డు విప్పించి సరిచేయించండి. అప్పటిదాకా ఆఖరి బిల్లు కట్టొద్దు.